చెట్టు మనదే.. కరెంటు తీగ పక్కన కొమ్మ మనం కొట్టొచ్చా?

వానలు మొదలయ్యే ముందు కాలనీల్లో మామూలుగా కనిపించే సీన్ ఇది. కరెంటోళ్లు వచ్చి తీగలకు తగులుతున్న కొమ్మలు కొట్టేస్తుంటారు. ఇంటాయన బయటికొచ్చి "మా చెట్టు మీద చెయ్యేయడానికి మీరెవరు?" అని గొడవకు దిగుతాడు. ఇంతకీ చట్టం ఏం చెబుతోంది?

విద్యుత్ చట్టం-2003లోని సెక్షన్ 68 ప్రకారం, చెట్టు వల్ల లైనుకు ఆటంకం కలిగినా, కలిగే అవకాశం ఉన్నా విద్యుత్ సంస్థ ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు గానీ, ప్రభుత్వం నియమించిన అధికారికి గానీ దరఖాస్తు చేసుకోవచ్చు. వాళ్లు ఆదేశిస్తే చెట్టును తొలగించొచ్చు కూడా. పొదలు, కంచె మొక్కలు కూడా ఈ లెక్కలో చెట్లే. అయితే మామూలు ట్రిమ్మింగ్‌కు అంతదాకా వెళ్లే పనే ఉండదు. లైన్‌మన్ వస్తారు, ఇంటివాళ్లు గేటు తీస్తారు, పని అయిపోతుంది.

అసలు మెలిక ఇంకోటి ఉంది. ముందు చెట్టుందా, లైనుందా? లైను వేయకముందే ఉన్న చెట్టయితే మేజిస్ట్రేట్ యజమానికి పరిహారం ఇప్పించాలి. లైను వచ్చాక నాటిన చెట్టుకు ఆ హామీ లేదు. కాబట్టి కొబ్బరి, మామిడి లాంటి కాపు చెట్లున్నవాళ్లు పాత ఫొటోలు దాచుకోవడం మంచిది.

ఇక ప్రాణాల మీదికి వచ్చే విషయం. "ఒక్క కొమ్మే కదా" అని నిచ్చెనేసుకుని ఎక్కేయడం, లేదంటే కూలి మనిషిని పిలిచి ఎక్కించడం. ఇంట్లోకి వచ్చేది 230 వోల్టులు. వీధిలో పోయే 11 కేవీ లైనులో 11,000 వోల్టులు. తీగను ముట్టుకోకపోయినా, బాగా దగ్గరికెళ్తే చాలు, షాక్ కొట్టొచ్చు. పచ్చి కొమ్మలోంచి కరెంటు పాస్ అవుతుంది. ఇనుప గడతో మామిడికాయలు కోయడం కూడా ఇంతే డేంజర్.

ఇంట్లో మెయిన్ ఆఫ్ చేస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. దాంతో ఆగేది ఇంట్లో కరెంటే, బయటి తీగలో కాదు. పవర్ కట్ టైమ్ చూసి కొట్టేద్దామన్నా కుదరదు, సప్లై ఏ నిమిషంలో వస్తుందో చెప్పలేం. అందుకే డిస్కం సిబ్బంది కూడా 'ఎల్‌సీ' తీసుకుని, అంటే లైన్ క్లియర్ చేయించుకుని, సప్లై ఆపాకే కొమ్మ మీద చెయ్యేయాలి.

మరి యజమాని చేయాల్సిందేంటి? కొమ్మలు తీగల దాకా పెరుగుతుంటే 1912కు ఫోన్ చేయాలి. పోల్ నంబర్ చెబితే పని తేలిక. కంప్లైంట్ నంబర్ తప్పకుండా రాసిపెట్టుకోవాలి. ఎందుకంటే తీగల భద్రత విద్యుత్ సంస్థ బాధ్యతే. మధ్యప్రదేశ్‌లో రోడ్డు మీద పడి ఉన్న తీగ తగిలి సైకిల్‌పై వెళ్తున్న వ్యక్తి చనిపోయిన కేసులో, తప్పు బయటివాళ్లదన్న విద్యుత్ బోర్డు వాదనను 2002లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

చెట్టును మొత్తం నరికేయాలంటే మాత్రం ఏపీ, తెలంగాణల్లో వాల్టా చట్టం కింద అనుమతి అడగాల్సిందే. కొత్తగా నాటేవాళ్లు తీగల కింద వేప, కొబ్బరి జోలికి పోకుండా మందారం, నిమ్మ, కరివేపాకు లాంటివి పెట్టుకుంటే ఈ తలనొప్పే ఉండదు.

గాలివానకు కొమ్మతో పాటు తీగ కూడా కింద పడితే? అందులో కరెంటు లేదని అనుకోవద్దు. తెగిపడిన తీగకు ప్రతిసారీ లైను ట్రిప్ అవదు. కనీసం 10 మీటర్ల దూరంలో ఉండి, పిల్లల్ని, పశువుల్ని అటు పోనీయకుండా 1912కు చెప్పాలి.