యూకేలో చదువుతున్నారా? ఒక్క వీకెండ్ ఇంగ్లిష్ పల్లెటూరి ఇంట్లో ఉండి రండి.. ఖర్చెంత? ఏం తెలుసుకుని వెళ్లాలి?

బర్మింగ్‌హామ్‌లోనో, కోవెంట్రీలోనో, లెస్టర్‌లోనో మాస్టర్స్ చేస్తున్న మనవాళ్ల రోజు ఎలా ఉంటుందో ఇక్కడున్న పేరెంట్స్‌కి కూడా బాగానే తెలుసు. క్లాసు, షిఫ్టు, రూమ్. రూమ్‌లో ఉన్న నలుగురూ తెలుగువాళ్లే. వంట మనదే, సినిమా మనదే, గొడవలు కూడా మనవే. మాస్టర్స్ అంటే అక్కడ ఏడాది కోర్సు, చూస్తుండగానే అయిపోతుంది. ఆ ఏడాదంతా ఒక్క ఇంగ్లిష్ కుటుంబం గడప కూడా తొక్కకుండా వచ్చేసేవాళ్లు చాలామందే ఉంటారు.

అలా కాకుండా, ఒక శుక్రవారం సాయంత్రం వెళ్లి ఆదివారం సాయంత్రం దాకా ఏదో పల్లెటూళ్లో ఒక ఇంట్లో అతిథిగా ఉండి వచ్చే పద్ధతి అక్కడ ఎప్పటి నుంచో ఉంది. దీనికి బాగా పేరు తెచ్చింది 1987లో మొదలైన హోస్ట్ యూకే అనే చారిటీ. ఇది హోటల్ కాదు, ఎయిర్‌బీఎన్‌బీ కాదు, లాంగ్వేజ్ స్కూల్స్ డబ్బులు తీసుకుని పెట్టే హోమ్‌స్టే కూడా కాదు. ఇంటివాళ్లు వాలంటీర్లు. మీ దగ్గర అద్దె తీసుకోరు, భోజనానికీ తీసుకోరు. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయిన ఇళ్లు, రిటైరైన దంపతులు.. ఇలాంటివాళ్లే ఎక్కువగా ముందుకొస్తుంటారు. వాళ్లకు కావాల్సింది మీ కబుర్లు. అంతే.

ఫ్రీ అంటారు కానీ.. అసలు ఖర్చు వేరే ఉంది

రైలు టికెట్ మీదే. 16-25 రైల్‌కార్డ్ ఉంటే టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. 2025 మార్చి నుంచి ఆ కార్డు ధర ఏడాదికి 35 పౌండ్లు. వయసు 25 దాటినా ఫుల్‌టైమ్ స్టూడెంట్ అయితే యూనివర్సిటీ ధ్రువీకరణతో తీసుకోవచ్చు. ఈ సంగతి తెలియక ఫుల్ రేటు పెట్టి తిరిగేవాళ్లు ఉన్నారు.

కానీ మనవాళ్లను ఆపేది టికెట్ కాదు, షిఫ్టు. స్టూడెంట్ వీసాపై డిగ్రీ స్థాయి కోర్సు చదివేవాళ్లు టర్మ్ టైమ్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఆ గంటల్లో ఎక్కువ భాగం శని, ఆదివారాల్లోనే పడతాయి. 21 ఏళ్లు నిండినవాళ్లకు 2025 ఏప్రిల్‌లో కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు ఉండేది. ఆ లెక్కన రెండు ఎనిమిది గంటల షిఫ్టులు వదిలేస్తే పోయేది 195 పౌండ్లకు పైనే. లోన్ ఈఎంఐ గుర్తొచ్చి గుండె కాస్త కలుక్కుమనే మొత్తమే.

మరి వెళ్లాలా? ఏడాదిలో ఒక్కసారైనా వెళ్లమనే మా మాట. ఎందుకంటే యూకేలో ఉండటం వేరు, యూకే లోపలికి వెళ్లడం వేరు. లండన్ బ్రిడ్జి ముందు ఫొటో ఎప్పుడైనా దిగొచ్చు. ఒక ఇంటి వంటగదిలో కూర్చుని, వాళ్లు రేడియో వింటూ బంగాళదుంపలు ఒలుస్తుంటే మాట్లాడే అవకాశం టికెట్ కొంటే రాదు. అయితే ఒక్క మాట. వెళ్తే జాబ్ రిఫరెన్స్ దొరుకుతుందేమో అన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు. ఆ ఉద్దేశంతో వెళ్తే ఇంటివాళ్లకు గంటలో తెలిసిపోతుంది.

ఎలా అప్లై చేయాలి?

ముందుగా మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టండి. ఏ స్కీమ్‌తో టై-అప్ ఉంది, అప్లికేషన్ ఫీజు ఉంటే యూనివర్సిటీయే కడుతుందా అనేవి యూనివర్సిటీని బట్టి మారతాయి. కొన్ని ఊళ్లలో చర్చి సంఘాలు కూడా విదేశీ విద్యార్థుల్ని ఇళ్లకు భోజనానికి పిలుస్తాయి. ప్రార్థనకు రమ్మంటే, ఇష్టం లేకపోతే మర్యాదగా వద్దని చెప్పొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు.

అప్లికేషన్‌లో మీ గురించి నాలుగు ముక్కలు రాయమంటారు. చాలామంది ఇక్కడ రెజ్యూమే కాపీ పేస్ట్ చేస్తారు. పైథాన్, టాబ్లో, పవర్ బీఐ.. పల్లెటూళ్లో ఉన్న డెబ్బై ఏళ్ల ఆవిడకు ఇవెందుకు చెప్పండి? మీ ఊరు ఏ నది పక్కన ఉంది, నాన్న ఏ పంట వేస్తారు, క్రికెట్ ఆడతారా, వంట వచ్చా.. ఇవి రాయండి. కుక్కలంటే భయమో, అలర్జీయో ఉంటే తప్పకుండా రాయండి. అక్కడ పల్లెటూరి ఇంట్లో కుక్క ఉండటం చాలా మామూలు విషయం, అదీ ఇంట్లో, సోఫా మీదే ఉంటుంది.

రైలు దిగాక..

ఉదాహరణకు కాట్స్‌వోల్డ్స్ తీసుకుందాం. తేనె రంగు సున్నపురాయితో కట్టిన ఇళ్లు, చిన్న కొండలు, గొర్రెలు.. క్యాలెండర్లలో కనిపించే ఇంగ్లండ్ ఇదే. లండన్ ప్యాడింగ్టన్ నుంచి మోర్టన్-ఇన్-మార్ష్‌కి డైరెక్ట్ రైలు ఉంది, సుమారు గంటన్నర. కోవెంట్రీ నుంచైతే ఆక్స్‌ఫర్డ్‌లో, బర్మింగ్‌హామ్ నుంచైతే వూస్టర్‌లో రైలు మారాలి. స్టేషన్ నుంచి ఊరికి మాత్రం బస్సుల్ని నమ్ముకోవద్దు. పల్లెల్లో బస్సులు తక్కువ, ఆదివారం కొన్ని రూట్లలో అసలు ఉండవు. సాధారణంగా ఇంటివాళ్లే కారులో వచ్చి తీసుకెళ్తారు. అందుకే రైలు లేటైతే వెంటనే మెసేజ్ చేయాలి. ఆరు గంటలకు వస్తానంటే ఆరు గంటలే. మన 'దారిలో ఉన్నా' లెక్క అక్కడ చెల్లదు.

బ్యాగులో స్వెట్టర్ తప్పనిసరి. పాత రాతి ఇళ్లు, మనం రూమ్‌లో పెట్టుకున్నంత హీటింగ్ పెట్టరు. రాత్రి పక్కలో వేడినీళ్ల బ్యాగ్ పెట్టి ఉంటే కంగారు పడకండి, అది ప్రేమే. ఇక బాత్రూమ్. చాలా ఇళ్లలో లైటుకు గోడ మీద స్విచ్ ఉండదు, పైనుంచి వేలాడే తాడు లాగాలి. మగ్గు ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, నేల మీద నీళ్లు పోవడానికి దారే ఉండదు. మన అలవాటుగా నీళ్లు కింద పోస్తే కింది గదిలో సీలింగ్ తడుస్తుంది. షవర్ కర్టెన్ టబ్ లోపలికే ఉండాలి.

మొహమాటం పనికిరాదు

తెలుగువాళ్లు నిజంగా ఇబ్బంది పడేది ఇక్కడే. మనింట్లో ఎవరైనా ఇంకాస్త వడ్డించబోతే 'వద్దండీ, చాలండీ' అంటాం. వాళ్లు వినరు, వడ్డిస్తారు, మనం తింటాం. అదొక ఆట, ఇద్దరికీ తెలుసు. అక్కడ ఆ ఆట లేదు. 'నో, థాంక్యూ' అంటే నిజంగానే వద్దని అర్థం చేసుకుని గిన్నె తీసుకెళ్లి సింక్‌లో పెట్టేస్తారు. అది చిన్నచూపు కాదు. మీ మాటకు ఇచ్చిన విలువ. ఆకలిగా ఉంటే 'యస్ ప్లీజ్' అనండి. చలిగా ఉంటే ఇంకో దుప్పటి అడగండి. అడగకుండా రాత్రంతా వణికిపోతే పొద్దున్నే వాళ్లకే బాధ.

తిండి విషయంలో అయితే మొహమాటం ఇంకా ఖరీదైనది. ఆదివారం మధ్యాహ్నం సండే రోస్ట్ ఉంటుంది. కాల్చిన మాంసం, రోస్ట్ చేసిన బంగాళదుంపలు, కూరగాయలు, యార్క్‌షైర్ పుడ్డింగ్, పైన గ్రేవీ. బీఫ్ తిననివాళ్లు ముక్క పక్కన పెట్టేస్తే సరిపోదు. గ్రేవీ బీఫ్ రసంతో చేసి ఉండొచ్చు. యార్క్‌షైర్ పుడ్డింగ్‌ని సంప్రదాయంగా బీఫ్ కొవ్వులోనే వండుతారు. బంగాళదుంపలు బాతు కొవ్వులో వేయించి ఉండొచ్చు. జెల్లీలో జెలటిన్, వూస్టర్‌షైర్ సాస్‌లో చేపలు, క్రిస్మస్ పుడ్డింగ్‌లో మళ్లీ బీఫ్ కొవ్వు. వాళ్లు దాచిపెట్టి పెట్టరు, వాళ్లకు అది ఒక విషయమే కాదు. కాబట్టి 'వెజిటేరియన్' అని ఒక్క మాట రాసి వదిలేయకుండా గుడ్డు తింటారా, చేప తింటారా, చికెన్ ఓకేనా, బీఫ్ రసం కూడా వద్దా అనేది వెళ్లడానికి ముందే మెయిల్‌లో రాయండి. శనివారం నాన్‌వెజ్ ముట్టనివాళ్లు ఆ మాట కూడా చెప్పాలి. ఒక మనిషి శుక్రవారం చికెన్ తిని శనివారం మానేసి ఆదివారం మళ్లీ ఎందుకు తింటాడో వాళ్లు వాళ్లంతట ఊహించలేరు కదా! వెంకన్న కథ చెబితే ఆ రాత్రి భోజనం దగ్గర గంట కబుర్లు గ్యారంటీ.

మీరు ఏదైనా వండి పెట్టాలనుకుంటే ముందే అడగండి. తాలింపు వేసేటప్పుడు కిటికీ తీయండి, లేదంటే స్మోక్ అలారమ్ ఊరంతా వినిపిస్తుంది. గిఫ్ట్‌గా ఖరీదైనవి అక్కర్లేదు. కొండపల్లి బొమ్మో, నిర్మల్ బొమ్మో ఒకటి చిన్నది చాలు. ఇండియా నుంచి వెళ్లేటప్పుడే సూట్‌కేసులో రెండు పడేసుకోండి.

వేరేవాళ్ల పొలంలో నడవొచ్చా?

భోజనం కాగానే 'వాక్‌కి వెళ్దామా' అంటారు. రోడ్డు మీద కాదు, నేరుగా ఎవరిదో పొలంలోంచి. మనవాళ్లకు కాళ్లు రావు, ఎవరైనా కేకలేస్తారేమోనని. కానీ అది చట్టం ఇచ్చిన హక్కు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఇలాంటి దారులు సుమారు 1 లక్షా 40 వేల మైళ్లు ఉన్నాయి. పసుపు బాణం గుర్తు ఉంటే నడకదారి, నీలం బాణం ఉంటే గుర్రాలు, సైకిళ్లు కూడా వెళ్లొచ్చు. భూమి రైతుదే, దారి మాత్రం అందరిదీ.

ఇది ఊరికే రాలేదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ వైపు నుంచి వచ్చిన యువ కార్మికులు వందల మంది కిండర్ స్కౌట్ అనే కొండ ఎక్కారు. అప్పట్లో అది పెద్దవాళ్లు వేటాడుకునే ప్రైవేటు భూమి. కొందరిని జైల్లో పెట్టారు. ఆ తర్వాత 1949లో వచ్చిన చట్టంతో దారులన్నిటినీ అధికారికంగా మ్యాపుల్లోకి ఎక్కించడం మొదలైంది. 2000లో వచ్చిన చట్టం కొండలు, బీడు భూముల్లో దారి వదిలి నడిచే హక్కు కూడా ఇచ్చింది. మీరు చేయాల్సిందల్లా గేటు ఎలా ఉంటే అలా వదిలేయడం. మూసి ఉంటే మళ్లీ మూయాలి. దూడలున్న ఆవుల దగ్గరికి మాత్రం సెల్ఫీ కోసం వెళ్లొద్దు, అవి నిజంగానే తొక్కేస్తాయి.

మోర్టన్-ఇన్-మార్ష్ దగ్గర ఇలాంటి దారి ఒకటి మనకు బాగా పనికొస్తుంది. బోర్టన్-ఆన్-ది-హిల్ నుంచి లాంగ్‌బరో వైపు వెళ్తుంటే చెట్ల మధ్య ఉన్నట్టుండి ఆకుపచ్చ రంగు తిరిగిన రాగి గుమ్మటం కనిపిస్తుంది. ఇంగ్లండ్ పల్లెటూళ్లో మొఘల్ మహల్! దాని పేరు సెజిన్‌కోట్. ఈస్ట్ ఇండియా కంపెనీలో పని చేసి వచ్చిన చార్లెస్ కాకరెల్ కోసం ఆయన సోదరుడు, ఆర్కిటెక్ట్ శామ్యూల్ 1805 ప్రాంతంలో డిజైన్ చేశాడు. తోటలో వంతెన మీద నంది విగ్రహాలు, సూర్యుడికి ఓ చిన్న గుడి కూడా ఉన్నాయి. ఆ రాళ్ల వెనక డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో మన స్టూడెంట్‌కి విడిగా చెప్పక్కర్లేదు. ఇంటివాళ్లతో ఆ మాట మాట్లాడొచ్చా అంటే, మాట్లాడొచ్చు. గొంతు పెంచకుండా అడిగితే చాలామంది నిజాయితీగానే మాట్లాడతారు. అడగకూడనివి వేరే ఉన్నాయి. జీతం, ఇంటి ధర, పిల్లలు ఎందుకు లేరు, కొడుకు విడాకులు ఎందుకయ్యాయి.. మనకు పలకరింపులే, వాళ్లకు చొరబాటు.

ఈ జాగ్రత్తలు మర్చిపోవద్దు

ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్ రూమ్‌మేట్‌కి ఇచ్చి వెళ్లండి. పాస్‌పోర్ట్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు. గిన్నెలు తుడవడం, టేబుల్ సర్దడం వరకు అతిథిగా చేసే సాయమే. కానీ 'ఉచితంగా ఉండు, బదులుగా పొలం పనో, పిల్లల్ని చూసుకునే పనో చెయ్యి' అంటే అది హోమ్‌స్టే కాదు, పని. మీ వీసా గంటల లెక్కలోకి వస్తుంది. అలాంటిది వాట్సాప్ గ్రూపుల్లో కనిపిస్తే వదిలేయండి. అడ్వాన్స్ అడిగినా అంతే.

ఆదివారం తిరుగు రైలు ముందురోజే ఒకసారి చెక్ చేసుకోవాలి. వీకెండ్‌లో ట్రాక్ పనులు పెట్టి రైలు బదులు బస్సు వేయడం అక్కడ మామూలే. రూమ్‌కి వచ్చాక వాట్సాప్‌లో దండం ఎమోజీ పెట్టి ఊరుకోకండి. చేత్తో రాసిన థాంక్యూ కార్డు పోస్టులో పంపండి. అది వాళ్ల ఫైర్‌ప్లేస్ మీద నెలల తరబడి కనిపిస్తుంది.

క్రిస్మస్‌కి వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం ముందుగా ప్లాన్ చేసుకోవాలి. క్యాంపస్‌లు ఖాళీ అయిపోయి, షాపులు మూతపడి, మన స్టూడెంట్స్‌కి ఒంటరితనం బాగా తెలిసొచ్చే వారం అది. సాయంత్రం నాలుగుకే చీకటి పడిపోతుంది. డిసెంబర్ 25న రైళ్లు నడవవు, 26న కూడా చాలా రూట్లలో ఉండవు. అంటే 24 మధ్యాహ్నానికల్లా చేరిపోవాలి, తిరిగి వచ్చేది 27న. కాబట్టి టర్మ్ మొదలైన కొత్తలోనే అప్లికేషన్ పెట్టేయండి.