జోకర్ సరే... మిస్టర్ ఫ్రీజ్ కథ తెలుసా?

యానిమేషన్, గేమింగ్ స్టూడియోల్లో రైటర్ కొలువు కోసం చూస్తున్నారా? నచ్చిన విలన్ ఎవరని అడిగితే చాలామంది నోట వచ్చేది జోకర్ పేరో, థానోస్ పేరో. తప్పేం లేదు. కానీ ఉన్న పాత్రను తిరగరాయడం అంటే ఏంటో తెలియాలంటే మాత్రం బ్యాట్‌మ్యాన్ విలన్లలో మిస్టర్ ఫ్రీజ్ దగ్గరికి వెళ్లండి.

1959లో ‘బ్యాట్‌మ్యాన్’ 121వ సంచికలో వచ్చినప్పుడు ఇతని పేరు మిస్టర్ జీరో. ఐస్ గన్ మీద ప్రయోగాలు చేస్తూ ప్రమాదంలో చిక్కుకున్న శాస్త్రవేత్త. ఒళ్లు చల్లగా ఉంచే సూట్ లేకుండా బతకలేడు. ఆ సూట్ తొడుక్కుని దొంగతనాలు చేస్తాడు. ఎందుకని అడక్కండి! చివర్లో వేడి ఆవిరి తగలగానే జబ్బు నయమైపోతుంది, కథ కంచికి. 1966లో మొదలైన టీవీ సీరియల్ మిస్టర్ ఫ్రీజ్ అని పేరు మార్చింది. జార్జ్ శాండర్స్, ఓటో ప్రెమింజర్, ఈలై వాలక్... ముగ్గురు నటులు మారారు, పాత్ర మాత్రం నవ్వులాటగానే మిగిలింది.

అసలు మలుపు 1992లో. ‘బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్’లో ‘హార్ట్ ఆఫ్ ఐస్’ అనే ఎపిసోడ్‌ని పాల్ డీని రాశారు, బ్రూస్ టిమ్ దర్శకత్వం వహించారు. డీని కొత్త ఆయుధాలేవీ ఇవ్వలేదు. ఒక భార్యను ఇచ్చారు. పేరు నోరా. ఆమెకు నయంకాని జబ్బు. మందు దొరికేదాకా ప్రాణం నిలబెట్టాలని డాక్టర్ విక్టర్ ఫ్రైజ్ ఆమెను గడ్డకట్టించి ఉంచుతాడు, కంపెనీ ల్యాబ్‌లో, కంపెనీ సామగ్రితో. ఖర్చు ఎక్కువైందని బాస్ ఫెరిస్ బాయిల్ వచ్చి ప్రయోగం ఆపించేస్తాడు. అడ్డుపడ్డ విక్టర్‌ని రసాయనాల మీదికి తన్నేస్తాడు. ఎపిసోడ్‌లో అదే బాయిల్‌కి మానవతావాది అని అవార్డు ఇస్తుంటారు. ఇక చెప్పండి, విలన్ ఎవరు?

గమనించారా? ఐస్ గన్, సూట్, ప్రమాదం అన్నీ పాతవే. మారింది ఒక్క ‘ఎందుకు’ మాత్రమే. సుమారు 22 నిమిషాల ఆ రాతకి డీనికి డేటైమ్ ఎమ్మీ వచ్చింది. కామిక్స్ కూడా ఈ కొత్త గతాన్నే తీసుకున్నాయి. 1997 సినిమాలో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ వేసిన ఫ్రీజ్‌కీ నోరాయే ఆధారం (సినిమా ఎలా ఉందో అడగొద్దు). 2012లో స్కాట్ స్నైడర్ బృందం మళ్లీ తిప్పేసింది. నోరా అసలు అతని భార్యే కాదు, అతను పుట్టకముందే గడ్డకట్టించిన ఎవరో అమ్మాయి, ప్రేమంతా విక్టర్ భ్రమ అని. తెలివైన మలుపే కానీ, పాత బాధ ముందు అది తేలిపోయిందనిపిస్తుంది నాకు.

మీరు ఇవాళే చేయగల పని ఒకటుంది. ఏ పాత కథలోనైనా కారణం లేకుండా చెడ్డగా ఉన్న పాత్రను తీసుకోండి. శక్తులు మార్చకుండా ‘ఎందుకు’ ఒక్కటి మార్చి ఒక పేజీ రాయండి, దాన్నే రెండు పేజీల సీన్‌గా మలచండి. రైటర్ పోర్ట్‌ఫోలియోలో సర్టిఫికెట్ల కన్నా ఇదే పనికొస్తుంది. బొమ్మలు గీయడమూ వచ్చంటే హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్‌ఏ యానిమేషన్ ఉంది. ఎన్‌ఐడీకి డాట్, ఐఐటీ బాంబేలో ఎం.డిజైన్‌కి సీడ్ రాయాలి.

ఇంకో మాట, ఇది జేబుకి సంబంధించింది. మిస్టర్ జీరో మొదటి కథ రాసింది డేవ్ వుడ్, గీసింది షెల్డన్ మోల్డాఫ్. మోల్డాఫ్ ఏళ్ల తరబడి బాబ్ కేన్ పేరు మీద బొమ్మలు వేశారు. బ్యాట్‌మ్యాన్‌కి రూపం ఇవ్వడంలో సగం పాలు ఉన్న బిల్ ఫింగర్ 1974లో చనిపోయారు. సృష్టికర్తల్లో ఒకరిగా అధికారికంగా పేరు పడింది 2015లో! మన కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే హక్కుదారు. అయితే రాసింది నేనే అని చెప్పుకునే హక్కు సెక్షన్ 57 కింద రచయితకు ఉంటుంది. ఆఫర్ లెటర్ రాగానే జీతం అంకె చూసి సంతకం పెట్టేయకండి. క్రెడిట్ గురించి ఏం రాశారో, ఇంట్లో సొంతంగా రాసుకున్నవి కూడా కంపెనీవే అంటున్నారో చూడండి. అర్థం కాకపోతే హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడగండి, జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి.