గుయ్య్... టక్: మా ఫ్రిజ్ ఎందుకు మొరాయించింది?

బదిలీల ఇళ్లలో పెరుగుతున్న మీకు అట్టపెట్టెల గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఏ పెట్టెలో ఏముందో పైన రాయడం, కొత్త ఊళ్లో ముందు ఏది విప్పాలో తెలియడం మీకు చిన్నప్పుడే వచ్చేసిన విద్యలు. నేనూ ఉద్యోగంలో చేరాక అయిదు ఊళ్లు మారాను. అయినా ఇక్కడికి వచ్చిన మొదటి రోజునే ఒక తప్పు చేశాను.

బాగ్‌బేరాలో మేం అద్దెకు తీసుకున్న ఇల్లు టాటానగర్ స్టేషనుకు దగ్గర. మే నెల ఎండలో మధ్యాహ్నం లారీ వచ్చింది. లారీవాళ్లు చోటు చాలక ఫ్రిజ్‌ను పరుపుల మీద పడుకోబెట్టి తెచ్చారు. దింపిన పది నిమిషాలకే నేను ప్లగ్గు పెట్టేశాను. తొందరకు కారణం మా అత్తగారి ఇన్సులిన్. తెరవని ఇన్సులిన్ సీసాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. దారిలో వాటిని పెట్టిన డబ్బాలో ఐసంతా అప్పటికే నీళ్లైపోయింది.

ఫ్రిజ్‌లో దీపం వెలిగింది. వెనక నుంచి కొన్ని సెకన్లు "గుయ్య్" మని మూలుగు, ఆ వెంటనే "టక్". తర్వాత నిశ్శబ్దం. కొన్ని నిమిషాలకు మళ్లీ అదే వరస. పిలిపించిన మెకానిక్ ఆ చప్పుడు ఒక్కసారి విని, ఏ పరికరమూ బయటికి తీయకుండానే "కంప్రెసర్ పోయింది, కొత్తది వెయ్యాలి" అన్నాడు. కొత్త చోట జీతం మొదలుకాని నెలలో ఆ మాట ఎలా వినిపిస్తుందో మీ అమ్మానాన్నలను అడగండి.

ఎదురింటి గుమ్మంలో ముగ్గు, లోపల తెలుగు మాటలు ఉన్నాయి. సిగ్గుపడకుండా వెళ్లి తలుపు తట్టాను. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ల నాన్నగారి కాలంలోనే రైల్వే పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. తాతగారు రైల్వేలో కరెంటు పని చేసి రిటైరయ్యారు. ముందు సీసాలు వాళ్ల ఫ్రిజ్‌లోకి వెళ్లాయి. తర్వాత ఆయన మా ఇంటికి వచ్చి, ఫ్రిజ్ పక్కన కుర్చీ వేసుకుని రెండుసార్లు "గుయ్య్... టక్" విన్నారు.

"ఏటమ్మా, పెట్టెని పడుకోబెట్టి తెచ్చినారా?" అని అడిగి, ప్లగ్గు పీకేశారు. "రేపొద్దున్న దాకా ముట్టుకోకండి."

ఆ రాత్రి ఆయన చెప్పిందీ, తర్వాత నేను చదివి సరిచూసుకున్నదీ కలిపి మీకు చెబుతాను.

కంప్రెసర్ అంటే ఫ్రిజ్ వెనక కింద ఉండే నల్లటి ఇనప కుండ. దాన్ని వెల్డింగుతో పూర్తిగా మూసేస్తారు. లోపల స్ప్రింగుల మీద ఒక మోటారు, దానికి తగిలించిన చిన్న పంపు, అడుగున కొంచెం నూనె ఉంటాయి. సైకిల్ పంపు గాలిని నొక్కినట్టే ఈ పంపు చల్లదనాన్నిచ్చే వాయువును నొక్కుతుంది. ఫ్రిజ్‌ను పడుకోబెడితే అడుగున ఉండాల్సిన నూనె గొట్టాల్లోకి పారుతుంది. వాయువు నొక్కితే కుదించుకుపోతుంది కానీ నూనె కుదించుకోదు. పంపులోకి నూనె చేరితే మోటారు తిరగలేక మొరాయిస్తుంది, ఒక్కోసారి పంపే పాడవుతుంది. నిలబెట్టి ఉంచితే నూనె మెల్లగా తన చోటికి దిగుతుంది. నిలువుగా తెచ్చిన ఫ్రిజ్‌కైనా కొన్ని గంటలు విశ్రాంతి ఇవ్వడం మంచిది. పడుకోబెట్టి తెస్తే ఒక రాత్రంతా ఆగాలి.

మరి ఆ "టక్" ఏమిటి? మెకానిక్ దాన్ని చావు కబురనుకున్నాడు. నిజానికి అది కాపలాదారు చేసే చప్పుడు. ఇంట్లో వచ్చే కరెంటుతో ఇలాంటి మోటారు తనంతట తాను తిరగడం మొదలుపెట్టలేదు. అందుకే దానికి రెండు చుట్లుంటాయి: ఒకటి ఎప్పుడూ నడిపేది, ఇంకొకటి మొదట్లో ఒక్క తోపు తోసి తప్పుకునేది. మినప్పప్పు నిండా వేశాక గ్రైండర్ స్విచ్చు వేస్తే రాయి కదలక మూలుగుతుంది చూడండి, మొదటి చుట్టుకే ఎక్కువ బలం కావాలి. ఆ క్షణంలో మోటారు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. తిరిగితే కరెంటు తగ్గిపోతుంది. తిరగకపోతే తీగ చుట్టు వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. అలా కాలకముందే ఓవర్‌లోడ్ అనే చిన్న బిళ్ల వేడికి వంగి కరెంటు తెంపేస్తుంది. అదే టక్. చల్లారాక బిళ్ల మళ్లీ కలుస్తుంది, మోటారు మళ్లీ ప్రయత్నిస్తుంది.

పొద్దున్నే తాతగారు తన మీటరుతో వచ్చారు. గోడ సాకెట్టు దూరమని నేను సన్నటి తీగ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టాను. దాన్ని చూసి ఆయన తల అడ్డంగా ఊపారు. సన్నటి తీగలో ఎక్కువ కరెంటు పారితే వోల్టేజి దారిలోనే తగ్గిపోతుంది. మనకు రావాల్సింది 230 వోల్టులు. మోటారు తోపుడు బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 160 వోల్టులే అందితే బలం సగానికంటే తక్కువ! లెక్కల మాస్టారు ఉంటే చేయించుకుని చూడండి. ఫ్రిజ్‌ను గోడ దగ్గరికి జరిపి నేరుగా సాకెట్టులో పెట్టాం. ఒక చిన్న కుదుపు, తర్వాత సన్నగా ఆగని జోరీగ చప్పుడు. మా అత్తగారు ఫ్రిజ్‌కు దణ్ణం పెట్టారు. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

నూనె వల్లా, తీగ వల్లా అని మీరడిగితే, రెండూ ఒకేసారి మార్చాం కాబట్టి తేల్చి చెప్పలేను. సైన్సు మాస్టారు వింటే నన్ను తిడతారు.

నెల తిరక్కుండానే ఇంకోసారి అదే పాట వినిపించింది. ఈసారి కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది. అప్పటివరకూ నొక్కిన వాయువు ఒకవైపు ఒత్తిడితో నిండి ఉంటుంది. అది వెంట్రుకలాంటి సన్నని గొట్టంలోంచి రెండోవైపు జారి ఒత్తిడి సమం కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ లోపు మొదలవ్వమంటే, నిండుగా గాలి కొట్టిన ట్యూబుకు మళ్లీ పంపు కొట్టమన్నట్టే. పైగా మొదటి తోపుకు సాయం చేసే రిలేలో ఉండే బిళ్ల వేడిగా ఉన్నంతసేపూ కరెంటును ఆ చుట్టులోకి పోనివ్వదు. ప్లగ్గు తీసి అయిదారు నిమిషాలు ఆగితే రెండు చిక్కులూ విడిపోతాయి. ఫ్రిజ్ స్టెబిలైజర్లు కొన్ని నిమిషాలు ఆగి కరెంటు వదిలేది అందుకే. అది పాడైపోయిందని కొట్టకండి, నేను కొట్టాను.

ఇన్ని చేసినా టక్ మానకపోతే అప్పుడు మెకానిక్ కావాలి. అప్పుడు కూడా ముందు రిలే చూడమని పెద్దవాళ్ల చేత అడిగించండి. మా వీధిలో ఒకరి ఫ్రిజ్‌లోంచి తీసిన రిలేను చెవి దగ్గర ఊపితే గిలక్కాయలా మోగింది, లోపలి బిళ్ల పగిలింది. కంప్రెసర్ ధరతో చూస్తే రిలే ధర ఏపాటిది! దీపం కూడా వెలగకపోతే మాత్రం గోల వేరు. ముందు వేరే దేన్నైనా ఆ సాకెట్టులో పెట్టి చూడాలి.

మీరు మాత్రం వెనక మూత విప్పవద్దు. కొన్నిటిలో ఉండే కెపాసిటర్ ప్లగ్గు తీశాక కూడా షాక్ కొడుతుంది. ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిలో ఉండే ఆర్-600ఏ మండే వాయువు. వెనక అతికించిన పలకపై ఆ పేరు చదివి చూడండి. మీ వంతు పని వినడం, ప్లగ్గు తీయమని చెప్పడం, గడియారం చూడడం.

తాతగారికి ఈ మధ్య మా ఇంటి దోసెలు అలవాటయ్యాయి. మా అబ్బాయి ఫ్రిజ్ పక్కన ఎర్ర స్కెచ్‌తో పైకి బాణం గీసి, "నిలబెట్టే తేవాలి" అని తెలుగులోనూ, హిందీలోనూ రాశాడు. ఆర్డరు ఇంకా రాలేదు.