ఆటల నిర్మాణం: చదవదగిన కొన్ని పుస్తకాలు

ఆటలు ఎలా ఆడాలో చెప్పే పుస్తకాలు తెలుగులో ఉన్నాయి. ఒక నియమం ఎందుకు పుట్టింది, దాన్ని తీసేస్తే ఆట ఏమౌతుంది అని విచారించే పుస్తకం మాత్రం మా కంటపడలేదు. ఆంగ్లంలో ఈ విచారణ ‘గేమ్ డిజైన్’ అనే పేరుతో ఒక శాస్త్రంగా ఎదిగింది. మనం ఆట నిర్మాణం అందాం. ఇందులో ప్రవేశం కోరే పాఠకులకు కొన్ని గ్రంథాలు సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం. అయితే పుస్తకం తెరిచే ముందు ఒక ఆటను ఎదుట పెట్టుకోవడం మంచిదని మా అభిప్రాయం. అందుకు ఉత్తర చెన్నైలోని వ్యాసర్పాడిని ఎంచుకున్నాం.

తెలుగు కుటుంబాలు తరాలుగా కాపురముంటున్న ఈ పేటకు క్యారమ్స్‌లో పెద్ద పేరుంది. 2008లో ఫ్రాన్సులోని కాన్ నగరంలో మహిళల ప్రపంచ విజేతగా నిలిచిన ఇళవళగి ఇక్కడి అమ్మాయే. అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య 1988లో ఏర్పడింది కూడా ఈ మద్రాసులోనే.

ఈ ఆటలో తెల్లవి తొమ్మిది, నల్లవి తొమ్మిది, ఎర్రది ఒకటి. తన తొమ్మిదీ ముందుగా పాకెట్లలో వేసినవాడిది ఆ బోర్డు. ఎదుటివాడివి ఎన్ని మిగిలితే అన్ని పాయింట్లు. రెడ్డును వేసి, వెంటనే తన కాయిన్‌తో కవర్ కూడా చేసి ఉంటే మరి మూడు. 25 పాయింట్లు ముందుగా చేరినవాడు, లేదా ఎనిమిది బోర్డుల తరువాత ముందున్నవాడు గెలుస్తాడు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. పోటీ నియమాలలో మరొకటి ఉంది: 22కు చేరిన ఆటగాడికి రెడ్డు మీద మూడు పాయింట్లు రావు.

ఎందుకు రావు? 22 దగ్గర రెడ్డు విలువ ఒక్కటే ఆటను 25కు చేర్చగలదు. ఈ నియమం ఆ దగ్గరి దారిని మూసేస్తుంది. ముందున్నవాడు ఇప్పుడు కాయిన్ల మీదే గెలవాలి. అలాగని రెడ్డును వదిలెయ్యనూ లేడు, వదిలితే వెనకున్నవాడు దాన్ని అందుకుని పైకి వస్తాడు. ఒకే కాయిన్ ఒకరికి లాభం, మరొకరికి కేవలం కాపలా. ఒక్క వాక్యంతో ఆట చివరి అంకం బిగిసింది. కేటీ సేలన్, ఎరిక్ జిమ్మర్‌మన్ కలిసి రాసిన ‘రూల్స్ ఆఫ్ ప్లే’ (2003)లో ముందున్నవాణ్ణి వెనక్కి లాగే నియమాలను, మరింత ముందుకు తోసే నియమాలను విడదీసి చర్చించారు. లావుపాటి గ్రంథం. మొదటే పట్టుకుంటే విసుగు పుట్టవచ్చు. ఆ చర్చ ఉన్న అధ్యాయం చదివితే చాలు, రెడ్డు నియమం తేటపడుతుంది.

మొదట చదవవలసింది రాఫ్ కోస్టర్ ‘ఎ థియరీ ఆఫ్ ఫన్’ (2004). చిన్నది, బొమ్మలతో నిండినది. ఆటలో ఆనందమంటే నేర్చుకోవడమేనని, నేర్చుకోవలసింది అయిపోతే ఆట చప్పబడుతుందని ఆయన వాదం. బెర్నార్డ్ సూట్స్ ‘గ్రాస్‌హాపర్’ (1978) తాత్త్వికమైనా హాస్యంగా సాగుతుంది. అక్కరలేని అడ్డంకిని కోరి తెచ్చుకుని దాటడమే ఆట అంటాడాయన. నిజమే. కాయిన్లు పాకెట్లో పడడమే కావాలంటే చేత్తో తీసి వేయవచ్చు. స్ట్రైకర్ ఎందుకు, గీత ఎందుకు?

‘గేమ్ థియరీ’ పేరు చూసి ఫాన్ నోయ్‌మన్, మోర్గన్‌స్టెర్న్‌ల 1944 నాటి గ్రంథం తెచ్చుకున్నవారు కష్టపడతారు. అది ఎత్తుకు పైఎత్తు లెక్క కట్టే గణితం, ఆటను కట్టే విద్య కాదు. మన పులిజూదం వంటి ఆటల జాతులు తెలియాలంటే మరీ 1952లో వెలువరించిన బల్లాటల చరిత్ర ఇప్పటికీ పనికివస్తుంది.

మాకు అన్నిటికన్నా ఆలోచన రేపింది హ్యుజింగా ‘హోమో లుడెన్స్’ (1938). ఆట తన చుట్టూ ఒక గిరి గీసుకుంటుంది. మోసగాడు ఆ గిరిని గౌరవిస్తున్నట్టు నటిస్తాడు, ఆట చెడగొట్టేవాడు దాన్నే చెరిపేస్తాడు. అందుకే మోసగాణ్ణి సహించినంతగా రెండోవాణ్ణి సహించరు. ఇది చదువుతుంటే మనవాళ్ల మాటలు గుర్తుకొచ్చాయి. మొదటివాడు చేసేది తొండి. జరిగిన ఆటను జరగనట్టు చేసే మాట తూచ్. ఇక ‘ఆటలో అరటిపండు’ ఉండనే ఉంది. చంటివాణ్ణి ఆటలో చేర్చుకుంటారు, అవుటైనా అవుట్ కానివ్వరు. కోస్టర్ చెప్పే నేర్చుకోవడం వాడికి ఓటమి లేకుండా జరిగిపోతుంది. దీనికి సరిపడే ఒక్క మాట ఆ ఆంగ్ల గ్రంథాలలో మాకు కనబడలేదు.

ఈ మాటలు పుస్తకాల్లో కాక నోళ్లలో బతుకుతున్నాయి. తమిళనాట 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి పాఠ్యభాష అయింది. తమిళం నేర్వడం అవసరమే, అందులో మాకు వివాదం లేదు. కాని ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం రాని పిల్లలు ఇక్కడ తటస్థపడతారు. పైన చెప్పిన గ్రంథాలన్నీ వారికి ఇంగ్లీషులోనే అందాలి. క్యారమ్ బోర్డు ముందు వారి నోట స్ట్రైకర్, కవర్, ఫౌల్ అనే మాటలే వింటాం. తొండి, తూచ్ వారి తాతలకు తెలిసినంతగా వారికి తెలియవు.

కనుక పుస్తకాల అనువాదం కంటే ముందు ఆట మాటల పట్టిక తయారుకావాలని మా కోరిక. వ్యాసర్పాడి, పెరంబూరు ప్రాంతాల పాఠకులు తమ ఇళ్లలో పెద్దలు అష్టాచెమ్మాకు, వామనగుంటలకు, పులిజూదానికి వాడే మాటలను, ఏ సందర్భంలో అంటారో కూడా కలిపి, రాసి పంపితే ఈ పత్రికలో ప్రచురిస్తాం. తెలుగు రాయడం రానివారు తమిళ లిపిలో రాసినా సరే.