కరెంటు, వై-ఫై లేని పొలానికి కెమెరా ఎలా ఎంచుకోవాలి?



మోటారు కేబుల్ కోసుకుపోయారు, స్టార్టర్ పీక్కుపోయారు, రాత్రి పందులు పడి వేరుశనగ తవ్వేశాయి... ఈ మాటలు ఏ ఊరికెళ్లినా వినిపిస్తాయి. మన ప్రకృతి వ్యవసాయంలో ఇంకో భయం కూడా ఉంది. ఆవు, దూడ, నాటుకోళ్లు, దాచుకున్న దేశీ విత్తనం అన్నీ పొలం దగ్గరే ఉంటాయి. యూరియా బస్తా పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. ఏళ్ల తరబడి కాపాడుకున్న విత్తనం పోతే ఏ షాపులో దొరుకుతుంది? అందుకే పొలానికి ఏ కెమెరా మంచిదని చాలామంది అడుగుతున్నారు. బిగించే పద్ధతి పై వీడియోలో చూపించాను. కొనే ముందు చూసుకోవాల్సినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. కెమెరా దొంగని పట్టుకోదు, పందిని తరమదు. కబురు మాత్రమే చెబుతుంది. ఆ కబురు అందాక పది నిమిషాల్లో పొలానికి చేరే మనిషి ఎవరో ముందే తేల్చుకోండి. మీరు పట్నంలో ఉంటే పక్క పొలం రైతు ఫోన్లో కూడా ఆ యాప్ వేయించండి. అది లేకపోతే ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా, జరిగిన నష్టాన్ని తెల్లారి చూసుకోవడానికే పనికొస్తుంది.

1. సిగ్నల్

వై-ఫై కెమెరా ఇంటి దగ్గరికి సరిపోతుంది. ఆరుబయట మామూలు రౌటర్ నుంచి 30-50 మీటర్లు దాటితే నమ్మకం ఉండదు. మధ్యలో చెట్లుంటే ఇంకా తగ్గుతుంది. దూరపు పొలానికి సిమ్ వేసుకునే 4జీ కెమెరానే మేలు.

కెమెరా కొనకముందే, బిగించాలనుకున్న చోట నిలబడి మీ ఫోన్ నుంచి వీడియో కాల్ చేయండి. పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి. అవతలివాళ్లకి మీ బొమ్మ ఆగకుండా కనిపించాలి. మనకి బొమ్మ రావడం కాదు, ఇక్కడి నుంచి పోవడం ముఖ్యం. రెండు మూడు కంపెనీల సిమ్‌లతో చూసి, బాగా పనిచేసిన సిమ్మే కెమెరాకి వేయండి.

జియోకి 2జీ, 3జీ లేవు. దాని 4జీ బ్యాండ్లు 3, 5, 40. బయటి దేశాల కోసం చేసిన కొన్ని కెమెరాల్లో ఇవన్నీ ఉండవు. పెట్టె మీద చదివి, షాపులోనే మీ సిమ్ వేయించి చూడండి.

2. కరెంటు

మోటారు లైను మీద ఆధారపడొద్దు. ఫ్యూజు పీకితే కెమెరా కూడా ఆగిపోతుంది. సోలార్ తప్పదు. ఇందులో రెండు రకాలున్నాయి.

మొదటిది నిద్రపోయే కెమెరా. మనిషో జంతువో కదిలితే పీఐఆర్ సెన్సర్ దాన్ని లేపుతుంది, కొన్ని సెకన్లు రికార్డు చేసి మళ్లీ పడుకుంటుంది. చిన్న ప్యానెల్, లోపలి బ్యాటరీ చాలు. గేటుకి, షెడ్డుకి ఇది సరిపోతుంది.

రెండోది రోజంతా రికార్డు చేసేది. 5 వాట్లు తినే కెమెరాకి రోజుకి 120 వాట్-అవర్లు కావాలి. 12 వోల్టుల బ్యాటరీలో అది 10 ఆంపియర్-అవర్లు. ముసురు పట్టి మూడు రోజులు ఎండ రాకపోతే 30 కావాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు కాబట్టి 60 ఏహెచ్ పెట్టాలి, దానికి 60 వాట్ల ప్యానెల్ అయినా ఉండాలి. ఇంత ఖర్చు నిజంగా అవసరమా అని ఆలోచించుకోండి.

3. ఎండాకాలం చిక్కు

పీఐఆర్ సెన్సర్ ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడా చూసి పనిచేస్తుంది. మే నెలలో మధ్యాహ్నం 42 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ తేడా తగ్గిపోతుంది, మనిషి దాటినా గుర్తించకపోవచ్చు. రాత్రి నేల చల్లబడ్డాక మళ్లీ బాగా పనిచేస్తుంది. ఎదురుగా వచ్చేవాళ్లకన్నా అడ్డంగా దాటేవాళ్లని ఇది బాగా పసిగడుతుంది. చాలా కెమెరాల్లో దీని దూరం 8-10 మీటర్లే.

4. పంటను కాదు, దారిని చూడాలి

ఐదంచెల పంటలు వేసిన పొలంలో అరటాకు ఊగినా, మునగకొమ్మ కదిలినా అలారం మోగుతుంది. రోజుకి వంద తప్పుడు కబుర్లొస్తే నాలుగో రోజు మీరే ఫోన్ సైలెంట్‌లో పెడతారు. అందుకని గేటు, బండ్ల బాట, బోరు స్టార్టర్ పెట్టె, షెడ్డు తలుపు చూసేలా పెట్టండి. 8-10 అడుగుల ఎత్తులో అయితే మొహం తెలుస్తుంది. కెమెరా ఉత్తరం వైపు, ప్యానెల్ దక్షిణం వైపు చూస్తే ఎండ కళ్లలో పడదు, చార్జింగూ బాగుంటుంది. వానకి తట్టుకోవాలంటే ఐపీ66 ఉండాలి. రాత్రిపూట లైటు వెలుగుకి పురుగులు, వాటి కోసం సాలీళ్లు చేరతాయి. వారానికోసారి గుడ్డతో గూళ్లు తుడవండి.

5. డేటా, కార్డు

1 ఎంబీపీఎస్‌తో రోజంతా పంపితే దాదాపు 11 జీబీ అవుతుంది. మామూలు రీచార్జీ చాలదు. అదే 15 సెకన్ల క్లిప్ అయితే 2 ఎంబీ, వంద క్లిప్పులకి 200 ఎంబీ. కాబట్టి కదలిక ఉన్నప్పుడే పంపేలా సెట్ చేసుకోండి. కెమెరానే ఎత్తుకుపోతే కార్డు కూడా పోతుంది, అందుకే క్లిప్ వెంటనే ఫోన్‌కి చేరే ఏర్పాటు ఉండాలి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చేయండి.

6. రెండు జాగ్రత్తలు

పనికొచ్చే ఆడవాళ్లు బట్టలు మార్చుకునే చోటు, పక్కవాళ్ల ఇల్లు కెమెరాలో పడకూడదు. కెమెరా ఉన్న సంగతి కూలీలందరికీ ముందే చెప్పండి, బోర్డు కూడా పెట్టండి.

పందులు కెమెరాలో కనిపించాయని కోపంతో కంచెకి లైను కరెంటు మాత్రం కలపొద్దు. అది చట్టప్రకారం నేరం. రాత్రి నీళ్లు పెట్టడానికొచ్చిన పక్క రైతే దానికి తగిలి చచ్చిపోవచ్చు.

ఒకేసారి నాలుగు కొనొద్దు. ఎక్కువ విలువైన చోట ఒక్కటి పెట్టి, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూడండి. మీ పొలంలో ఏ సిమ్ బాగా అందుతోందో ఊరి పేరుతో సహా కింద రాయండి, చుట్టుపక్కల రైతులకి ఉపయోగపడుతుంది.