జిల్లేటి దూది



మొన్న మా పెద్దమ్మాయి తన ఆంగ్లపాఠములో డాండెలియన్ అను పూవు బొమ్మను చూచి, “అమ్మా, గాలికెగురు ఇట్టి గింజలు మన గోదావరిఖనిలో లేవా?” అని యడిగినది. ఆ పూవు చలిదేశములది. మన మైదానములలో కానరాదు. అయినను పిల్ల కోరిక తీర్చుటకు దూరము పోవలసిన పని లేకపోయెను. మా క్వార్టరు వెనుక గోడవారను జిల్లేటికాయ యొకటి యెండి పగిలియున్నది.

రథసప్తమినాడు ఈ యాకులను రేగుపండ్లతో శిరసుపై నుంచుకొని స్నానమాడుదుము గాని, కాయను విప్పి చూచువారము కాము. లోపల పలుచని గోధుమరంగు గింజలు ఇంటి పెంకులవలె ఒకదానిపై నొకటి చేరియుండును. ప్రతి గింజకొనను పట్టువంటి తెల్లని కుచ్చు. కాయలో నున్నంతకాలము అది దువ్విన జడవలె నణగియుండి, ఎండ తగిలి ఆరగనే గొడుగువలె విచ్చుకొనును. గింజ తేలిక, కుచ్చు విశాలము. గాలి యడ్డుటచే మెల్లగా దిగును. కాగిన నేలనుండి లేచు వేడిగాలి దొరకెనా, మరల పైకెక్కును. దేనికైన తగిలినచో కుచ్చు ఊడి గింజ అచ్చటనే రాలును.

అమరకోశములో జిల్లేటికి ‘వికీరణ’మని యొక పేరు కలదు. చిన్ననాడు మా తండ్రిగారు వల్లె వేయించినప్పుడు అర్థము పట్టించుకొననైతిని. వెదజల్లునది యనుట! ఇన్నాళ్లకు కాయ విచ్చుట చూచి గ్రహించితిని.

డాండెలియన్ గింజకు సుమారు 100 కేశములుండునట. వాని నడుమ ఖాళీయే యెక్కువ. చిల్లుల గొడుగు గాలిలో నెట్లు నిలుచును? 2018లో ఎడింబరో విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఈ మర్మము కనుగొనిరి. సందులగుండ పోయిన గాలి కుచ్చునకు పైన, దాని నంటకయే, ఉంగరమువలె సుడి తిరుగుచు గింజ పతనమును నెమ్మదింపజేయును. గాలి చెమ్మగానున్న దినమున ఆ గొడుగు ముడుచుకొనును. మన బాటల ప్రక్కనుండు గడ్డిచేమంతి దీని కుటుంబములోనిదే; అమెరికా ఖండమునుండి వచ్చి మనదై పోయినది.

సింగరేణి ఓపెన్‌కాస్టు గనులలో బొగ్గుపైనున్న మట్టిని, రాతిని తీసి గుట్టలుగా పోయుదురు. ఎవరును నాటకయే అట్టి చోట్ల మొలచువానిలో ఈ జిల్లేడును, గడ్డిచేమంతియు కలవు.

ఇంత మెచ్చుకొన్న పిదప ఒక హెచ్చరిక చేయక తప్పదు. నిరుడు మా చిన్నవాడు దూదికై తొందరపడి పచ్చికాయ త్రుంచి, ఆ పాలచేతితో కన్ను నలుపుకొనెను. పెద్దగా నొప్పి లేదనెను గనుక నేనును ఉపేక్షించితిని. సాయంకాలమునకు వానికి దీపము మసకగా కనబడెను! జిల్లేటిపాల గుణమే యిది. నొప్పి స్వల్పమైనను కంటి నల్లగ్రుడ్డుపై పొర వాచి చూపు మందగించును. ఇరుగమ్మ చనుబాలు పిండుమన్నది, పొరుగమ్మ ఆముదము వేయుమన్నది. ఏదియు వేయరాదు. తక్షణమే మంచినీటితో చాలసేపు కడిగి కంటివైద్యుని చూపవలెను. వైద్యుని మందుచే మావానికి కొలది దినములలో నయమైనది గాని, ఆ రాత్రి నేను పడిన వేదన పగవారికిని వద్దు.

ఎండి తనంత విచ్చిన కాయనే ముట్టుకొనవలెనని ఇప్పుడు మా యింటి కట్టడి. పెద్దమ్మాయి డాండెలియన్ బొమ్మ ప్రక్కన ఒక జిల్లేటిగింజ నంటించుకొన్నది. మరునాటికే కుచ్చు ఊడి యెటో పోయినది.