సభల చిత్రములను డి.వి.డి.కి ఎక్కించుట

గ్రామసభలు, చెరువు పనులు, పాఠశాల వార్షికోత్సవములు, జాతరలు మొదలగువానిని వీడియో తీయించుట పెక్కు పంచాయతీలకు అలవాటైనది. తీసినవారు కొన్ని దినములకు ఒక డి.వి.డి.ని కవరులో పెట్టి తెచ్చి యిత్తురు. పంచాయతీవారు సొమ్ము చెల్లించి దానిని బీరువాలో దాచుదురు. కొన్ని యేండ్లకు ఏదో తగవు వచ్చి, ఆనాటి సభలో ఎవరేమి పలికిరో చూడగోరి దానిని వెలికి తీసినపుడు, బొమ్మ గడులు గడులుగా విచ్చిపోయి నడుమ నిలిచిపోవును. లోపము డిస్కుదా, ప్లేయరుదా, స్టూడియోవారిదా అను చర్చతో ప్రొద్దు గడచును. నేడు పెన్‌డ్రైవులో ఇచ్చు స్టూడియోలు హెచ్చినను, డి.వి.డి. కోరువారు ఇంకను కలరు. పాత డిస్కులు పంచాయతీ కార్యాలయములందు ఉండనే యున్నవి. కావున ఈ పని యెట్లు జరుగునో సభ్యులు ఎరిగియుండుట మేలు.

కెమేరాతో తీసిన ముక్కలను కంప్యూటరులో కత్తిరించి కూర్చిన పిమ్మట ఏర్పడు పూర్తి చిత్రమే అసలు ప్రతి. డి.వి.డి. దాని నకలు మాత్రమే, అదియు సంక్షిప్తమైన నకలు. నేటి కెమేరాలు సాధారణముగా పట్టు బొమ్మలో అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. 1996లో జపానులో మొదట విక్రయమునకు వచ్చిన డి.వి.డి., మన దేశమున వాడుకయందున్న పాల్ పద్ధతిలో, 720 చుక్కలు అడ్డమును 576 నిలువును మాత్రమే పట్టగలదు. గుణించి చూచినచో అసలులోని చుక్కలలో సరిగా అయిదవ వంతు మిగులును. డిస్కును ఎంత జాగ్రత్త చేసినను పోయిన నాలుగు పాళ్ళును తిరిగి రావు.

నిడివి విషయమున మన గ్రామములలో ఒక పొరపాటు తరచు జరుగుచున్నది. సభ నాలుగు గంటలు జరిగినది కాబట్టి నాలుగు గంటలును ఒకే డిస్కులో కావలెనని పట్టుపట్టుదురు. సామాన్యమైన డిస్కు 470 కోట్ల బైట్లను పట్టును. సెకనుకు 80 లక్షల బిట్ల చొప్పున బొమ్మను నింపినచో, శబ్దముతో కూడ, ఇంచుమించు గంటంబావు చిత్రము మాత్రమే సరిపోవును. రెండు గంటలకు, బొమ్మయు శబ్దమును కలిపి, సెకనుకు 52 లక్షలు దక్కును. నాలుగు గంటలకు 26 లక్షలే. చెరువులో నీరు అంతే, ఆయకట్టు మాత్రము నాలుగింతలు! ఒక్కరే నిలిచి మాటలాడు బొమ్మ ఈ కరవును కొంత ఓర్చుకొనును గాని, జనులు కదలు సభ, డప్పులతో సాగు ఊరేగింపు ఓర్చుకొనవు, ముఖములు చెదరిపోవును. రెండు గంటలు మించినపుడు రెండు డిస్కులు చేయించుటయే యుక్తము. అదనపు డిస్కు వెల స్వల్పము.

కంప్యూటరులోని ఫైలును ఉన్నదున్నట్లు డిస్కుమీదికి నకలు చేయుట వేరు, డి.వి.డి. చిత్రముగా తయారుచేయుట వేరు. మొదటి విధమైనది కంప్యూటరులో కనబడినను పెక్కు ప్లేయర్లలో ఆడదు. చివర ఫైనలైజు చేయుట అను మూసివేత జరుగని డిస్కును దానిని వ్రాసిన యంత్రము చదువును గాని, ఇతర యంత్రములు తరచు చదువవు. అమెరికాలోని బంధువులకు పంపుటకైనచో అక్కడి ఎన్.టి.ఎస్.సి. పద్ధతిలో మరొక ప్రతి చేయింపవలెను.

ఇక మన్నిక. దుకాణమున కొను సినిమా డిస్కులో గుర్తులు అచ్చు ఒత్తబడియుండును. స్టూడియోలో వ్రాసిన డి.వి.డి.-ఆర్ డిస్కులోనో, ఒక పలుచని రంగుపొరపై లేజరు కిరణముతో గుర్తులు పెట్టబడును. ఎండ, వేడి, తేమ ఆ పొరను చెరచును. రేకుల కప్పు క్రింద, కిటికీ చెంత ఉంచిన డిస్కు చెడిపోయినచో వింత లేదు. డిస్కుపై కాగితపు చీటీ అంటింపరాదు. తిరుగునపుడు తూకము తప్పును. బాల్‌పెన్నుతో వ్రాయుటయు హానికరము. డిస్కులకై ఉద్దేశించిన మెత్తని మార్కరుతో తేదీ, సభ పేరు వ్రాసి, గట్టి పెట్టెలో నిలువుగా ఉంచవలెను.

ఇప్పటికే బీరువాలో ఉన్నవానిని, ఆడుచున్నప్పుడే, రెండు హార్డ్ డిస్కులలోనికి నకలు చేయింపవలెను. ఒకటి కార్యాలయమున, ఒకటి వేరుచోట. ఒక్కటే ఉన్నచో అదియు ఒకనాడు చెడవచ్చును. స్టూడియోవద్ద అసలు ఉండునుగదా యని నమ్ముట తగదు. చోటు చాలక వారు పాత పనులను తుడిచివేయుట సహజము, అందుకు వారిని నిందింపనక్కరలేదు. పని ఒప్పగించునాడే, డి.వి.డి.తోబాటు అసలు ప్రతి ఫైలును గూడ ఇయ్యవలెనని ఒప్పందపు కాగితములో వ్రాయించుకొనవలెను.

డిస్కు పుచ్చుకొనునపుడు స్టూడియో యంత్రముపై గాక మరియొక ప్లేయరుపై ఆడించి చూడవలెను. మొదటి అయిదు నిమిషములు చూచి తృప్తి చెందరాదు. డి.వి.డి. వ్రాత నడిమి రంధ్రము చెంత మొదలై అంచువైపు సాగును; అంచున చేతివ్రేళ్ళ మరకలును, వ్రాతలోని తప్పులును హెచ్చు. కావున చివరి పది నిమిషములను తప్పక ఆడించి, పిమ్మటనే బిల్లుపై సంతకము చేయవలెను.